క్లాస్ వెబ్‌సైట్‌లో ఆ చిన్న బాక్సు ఎవరిది? ఆడుతూ నేర్చుకునే విడ్జెట్ల వెనక ఏం జరుగుతుంది?

కొన్ని నెలల కిందట మా అమ్మాయి క్లాస్ వాట్సాప్ గ్రూపులోకి ఒక లింకు వచ్చింది. "ఏడో తరగతి వెబ్‌సైట్ రెడీ అయింది. పేరెంట్స్ అందరూ చూడగలరు" అని కింద మెసేజ్.

నొక్కాను. పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. పైన కుడి నుంచి ఎడమకు పరుగెత్తే అక్షరాలు. దాని కింద పరీక్షలకు ఇంకెన్ని రోజులుందో చెప్పే కౌంట్‌డౌన్ గడియారం. పక్కన హైదరాబాద్ వాతావరణం. ఆ పక్కన, పేజీని ఎంతమంది చూశారో లెక్కపెట్టే మీటరు. "ఆటలతో గుణకారం" అని రాసి ఉన్న చోట బూడిద రంగు డబ్బా ఒకటి ఖాళీగా కనిపించింది. ఇంకొంచెం కిందికి వెళ్తే సైన్స్ క్విజ్. మొదటి ప్రశ్నకు ముందే పిల్ల పూర్తి పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల ఫోన్ నంబరు అడిగింది.

అన్నిటికంటే అడుగున ఒక తెల్ల బాక్సు ఉంది. అందులో బ్యాటరీ, బల్బు, వైరు, స్విచ్. వేలితో లాగి కలుపుకుంటే విద్యుత్ వలయం తయారవుతుంది. మా అమ్మాయి గడియారం వైపు చూడలేదు, వాతావరణం వైపు చూడలేదు. ఆ బాక్సు దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుంది. కాసేపటికి "నాన్నా, బ్యాటరీ తగలబడిపోయింది!" అని కేకేసింది. బల్బు పెట్టకుండా బ్యాటరీ రెండు కొసలనీ నేరుగా వైరుతో కలిపేసింది. తెర మీద మంటలు. ఎందుకలా అయిందని నన్నడిగింది. నాకు వెంటనే జవాబు తట్టలేదు, అది వేరే సంగతి.

ఆ పేజీలో ఉన్నవన్నీ విడ్జెట్లే. కానీ ఒకటి పాఠం చెప్పింది, ఒకటి చచ్చిపోయి ఉంది, ఒకటి మా ఇంటి వివరాలు అడిగింది, మిగతావి ఊరికే తిరుగుతున్నాయి. బడులకు, తరగతులకు సొంత పేజీలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ తేడా టీచర్లకే కాదు, ఇంట్లో ఫోన్ ఇచ్చేవాళ్లకూ తెలియాలి.

అసలు విడ్జెట్ అంటే ఏంటి?

వెబ్ పేజీలో ఒక చిన్న పని చేసిపెట్టే చిన్న బాక్సునే విడ్జెట్ అంటారు. క్విజ్, మ్యాప్, క్యాలెండర్, వీడియో, గ్రాఫు, ఆట... ఏదైనా కావచ్చు. వీటిలో చాలావరకు టీచర్ తయారు చేసినవి కావు. వేరే సంస్థ తయారు చేసి తన సర్వర్‌లో పెట్టుకుంటుంది. "ఈ నాలుగు లైన్ల కోడ్ కాపీ చేసి మీ పేజీలో పెట్టుకోండి" అంటుంది. టీచర్ పెట్టుకుంటారు. పేజీ బడిదే అయినా, ఆ బాక్సులో కనిపించేది మాత్రం ప్రతిసారీ ఆ సంస్థ సర్వర్ నుంచే వస్తుంది.

ఆ నాలుగు లైన్లు ఒకేలా కనిపించినా రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి ఐఫ్రేమ్. ఇది వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టడం లాంటిది. వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, ఇంట్లోకి రాలేరు. రెండోది స్క్రిప్ట్. ఇది ఇంటి తాళం చేతికివ్వడమే. పేజీలో ఏ మూల ఏముందో చూడొచ్చు, మార్చొచ్చు, ఫారంలో ఎవరేం టైప్ చేస్తున్నారో కూడా చదవొచ్చు. అన్ని స్క్రిప్టులూ అలా చేస్తాయని కాదు, చేయగలవు. ఈ తేడాను పేజీ తయారు చేసే టీచర్లకు ఎవరూ చెప్పరు.

ఏది పాఠం చెప్తుంది, ఏది అలంకారం?

మా అమ్మాయిని కూర్చోబెట్టిన వలయం బాక్సు అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నడిచే 'ఫెట్' ప్రాజెక్టుది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాది, 2002లో దీన్ని మొదలుపెట్టారు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలతో పాటు గణితానికీ ఇందులో సిమ్యులేషన్లు ఉన్నాయి. ఉచితం, లాగిన్ అక్కర్లేదు. వాలంటీర్లు చేసిన అనువాదాలతో చాలా భాషల్లో దొరుకుతాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి.

అందులో లోలకం సిమ్యులేషన్ ఒకటి చూడండి. దారం పొడవు మార్చొచ్చు, కింద వేలాడే గుండు బరువు మార్చొచ్చు. చివరికి చంద్రుడి మీదికో, గురుగ్రహం మీదికో తీసుకెళ్లి గురుత్వం కూడా మార్చొచ్చు. "బరువు పెంచితే లోలకం వేగంగా ఊగుతుందా?" అని అడిగితే పిల్లల్లో చాలామంది అవుననే అంటారు. పెద్దవాళ్లూ అంటారు. బరువు పెంచి చూస్తే ఊగే సమయం మారదు. దారం పొడవు పెంచితే మారుతుంది. పుస్తకంలో ఈ వాక్యం చదివి బట్టీ పట్టడానికీ, తన ఊహ తప్పని తన వేలితోనే తెలుసుకోవడానికీ ఉన్న తేడానే విడ్జెట్ విలువ.

అయితే ఒక్క సిమ్యులేషన్ పేజీలో పెట్టేసి వదిలేస్తే అది ఆటబొమ్మే అవుతుంది. ఐదు నిమిషాలు అటూ ఇటూ లాగి పిల్లలు వెళ్లిపోతారు. దాని పైన టీచర్ రాసే రెండు వాక్యాలే దాన్ని పాఠంగా మారుస్తాయి. "ముందు నీ ఊహ నోట్‌బుక్‌లో రాయి. తర్వాత బరువు మూడుసార్లు మార్చి, ప్రతిసారీ పది ఊపులకు పట్టిన సమయం రాయి." అంతే. ఆ రెండు వాక్యాలకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. చాలా క్లాస్ పేజీల్లో లేనివీ అవే.

గణితానికి జియోజీబ్రా ఇలాంటిదే. ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టారు. త్రిభుజం మూలను పట్టుకుని ఎటు లాగినా మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలే ఉండటం కళ్ల ముందు కనిపిస్తుంది. ఇండియాలో సీ-డాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి తయారు చేసిన 'ఓల్యాబ్స్' ఉంది. సైన్స్ ల్యాబ్ సరిగా లేని బడుల్లో 9 నుంచి 12 తరగతుల పిల్లలకు ఇది పనికొస్తుంది.

ఇక క్విజ్‌లు. వీటిని తేలిగ్గా తీసేయక్కర్లేదు. చదివిందే మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఐదు ప్రశ్నల చిన్న క్విజ్ మంచి సాధనమే. కానీ అందులో తప్పు జవాబుకు 'తప్పు' అని ఎర్ర గుర్తు మాత్రమే వస్తే సగం పనే అయినట్టు. ఎందుకు తప్పో ఒక లైను రావాలి. ర్యాంకుల పట్టిక పెట్టి, చివర ఉన్న పిల్లాడి పేరు క్లాసంతటికీ చూపించే క్విజ్‌ల గురించి ఏమనాలో తెలియదు. మార్కుల లిస్టు గోడకు అంటించే పాత పద్ధతే మళ్లీ రంగులు పూసుకుని వచ్చినట్టుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కంప్యూటర్ ముందు కూర్చోబెడితే చదువు వచ్చేస్తుందనడానికి ఆధారాల్లేవు. ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' సాఫ్ట్‌వేర్ మీద జరిగిన అధ్యయనాన్ని (2019లో ప్రచురించారు) చాలామంది ఉదాహరణగా చెప్తారు. నాలుగున్నర నెలల్లోనే గణితం, హిందీ రెండిట్లోనూ పిల్లలు చెప్పుకోదగ్గంత మెరుగుపడ్డారు. అయితే అక్కడ సాఫ్ట్‌వేర్ ప్రతి పిల్లాడి స్థాయినీ కనిపెట్టి, ఆ స్థాయి ప్రశ్నలే ఇచ్చేది. దాంతో పాటు చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదివించే మనిషి కూడా ఉన్నారు. ఈ రెండో సంగతి చాలాసార్లు ప్రస్తావనకు రాదు.

మరి గడియారం, వాతావరణం, మీటరు? పాఠానికి వీటితో పని లేదు. పేజీ బరువు పెంచుతాయి. పైగా చాలా ఉచిత విడ్జెట్లు ప్రకటనల కంపెనీలకు కిటికీలు. వాతావరణం ఫోన్‌లో ఎలాగూ ఉంది కదా.

ఈ పేజీ తెరుచుకునేది ఏ ఫోన్‌లో?

టీచర్ పేజీని తయారు చేసేది ల్యాప్‌టాప్‌లో. పిల్లలు చూసేది రాత్రి అన్నం తిన్నాక, నాన్న ఇంటికి తెచ్చిన ఫోన్‌లో. ఆ ఫోన్‌కు ఇద్దరు పిల్లలు పోటీ, రోజు డేటా అప్పటికే సగం అయిపోయి ఉంటుంది.

లెక్కలు చూద్దాం. కేంద్ర విద్యాశాఖ యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023-24లో దేశంలో ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం. 2024-25 నాటికి అది 63.5 శాతానికి పెరిగింది. అంటే ఇప్పటికీ మూడో వంతుకు పైగా బడుల్లో నెట్ లేదు. ఇళ్ల దగ్గర పరిస్థితి వేరు. గ్రామీణ ప్రాంతాల్లో జరిగిన అసర్ 2024 సర్వేలో 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉందన్నారు. అంతకుముందు వారంలో దాన్ని చదువు కోసం వాడామన్నవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు 76 శాతం.

దీన్నిబట్టి క్లాస్ పేజీకి అసలు తెర బడిలోని కంప్యూటర్ కాదు, ఇంట్లోని ఫోనే అని అర్థమవుతుంది. అక్కడ పోటీ పక్క బడి వెబ్‌సైట్‌తో కాదు, రీల్స్‌తో. పేజీ ఆలస్యంగా తెరుచుకుంటే పిల్లలు ఆగరు.

అందుకే ఒక్కో పేజీలో ఒకటి, మహా అయితే రెండు విడ్జెట్లు చాలు. ఏడు పాఠాల ఏడు వీడియోలను ఒకే పేజీలో అతికిస్తే, ఒక్కటీ ఆడించకుండానే ఫోన్ మీద బరువు పడుతుంది. పాఠానికో పేజీ పెట్టి, అందులో ఆ పాఠం విడ్జెట్ మాత్రమే ఉంచడం మేలు. స్లైడర్ మరీ సన్నగా ఉండి బొటనవేలికి దొరక్కపోతే ఎంత గొప్ప సిమ్యులేషన్ అయినా ఫోన్‌లో పనికిరాదు. పేజీ పెట్టేముందు టీచర్ తన ఫోన్‌లో కాదు, ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకుంటే ఈ ఇబ్బందుల్లో చాలావరకు అక్కడే బయటపడతాయి.

భాష విషయంలో భయపడాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు వస్తోంది. అదే పద్ధతి ఇక్కడా పెట్టొచ్చు. సిమ్యులేషన్ ఇంగ్లిష్‌లో ఉన్నా, ఏం చేయాలో, ఏం గమనించాలో చెప్పే వాక్యాలు తెలుగులో ఉంటే పిల్లలు అల్లుకుపోతారు.

బూడిద రంగు డబ్బా కథ

"ఆటలతో గుణకారం" డబ్బా ఎందుకు ఖాళీగా ఉంది? ఆ ఆట ఫ్లాష్‌లో తయారైంది. అడోబ్ కంపెనీ 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి అందులో ఏ కంటెంటూ ఆడకుండా అడ్డుకుంది. ప్రపంచవ్యాప్తంగా టీచర్లు ఏళ్లపాటు పోగుచేసుకున్న ఆటలు, యానిమేషన్లు అలా ఖాళీ డబ్బాలయ్యాయి. మా బడి వాళ్లు ఎక్కడో పాత పేజీ నుంచి కోడ్ కాపీ చేసి ఉంటారు. పని చేస్తోందో లేదో ఎవరూ నొక్కి చూడలేదు.

ఇది ఒక్క ఫ్లాష్ కథ కాదు. క్లాస్ వికీలు నడిపిన వికీస్పేసెస్ 2018లో మూతపడింది. క్లాస్‌రూమ్ వేదికగా ఒకప్పుడు మన దేశంలోనూ పేరు తెచ్చుకున్న ఎడ్మోడో 2022 సెప్టెంబరులో ఆగిపోయింది. లాక్‌డౌన్ రోజుల్లో ఎంతోమంది టీచర్లకు బ్లాక్‌బోర్డుగా ఉపయోగపడిన గూగుల్ జామ్‌బోర్డ్‌ను 2024 చివరికి ఆ కంపెనీ ఆపేసింది. బెంగళూరులో పుట్టిన క్విజిజ్ ఆగిపోలేదు గానీ 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకుంది.

జియోజీబ్రా సంగతి మరీ ఆసక్తికరం. దాన్ని 2021 డిసెంబరులో బైజూస్ కొనుగోలు చేసింది. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. జియోజీబ్రా నడుస్తూనే ఉంది, పిల్లలు త్రిభుజాలు గీసుకుంటూనే ఉన్నారు. కానీ బడి గణితం పేజీ భవిష్యత్తు ఒక కంపెనీ అప్పుల కేసుతో ముడిపడొచ్చని విడ్జెట్ అతికించేటప్పుడు ఏ టీచర్ ఊహిస్తారు?

దీనికి మందు ఉంది. ఫైల్ మన చేతిలో ఉండే విడ్జెట్లనే ఎంచుకోవడం. ఫెట్ సిమ్యులేషన్ ఒక్కొక్కటీ ఒకే ఫైలుగా డౌన్‌లోడ్ అవుతుంది, నెట్ లేకపోయినా పని చేస్తుంది. నార్వేలో పుట్టిన 'హెచ్5పీ' అనే ఓపెన్ సోర్స్ పరికరంతో క్విజ్‌లు, మధ్యలో ప్రశ్నలు అడిగే వీడియోలు, లాగి జతపరిచే బొమ్మలు ఎవరైనా తయారు చేసుకోవచ్చు. తయారైనది ఒక ఫైలుగా దాచుకోవచ్చు, రేపు వెబ్‌సైట్ మారితే అక్కడికి తీసుకెళ్లొచ్చు. 'లూమి' అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే ఆ ఫైళ్లను నెట్ అక్కర్లేని మామూలు పేజీలుగా మార్చుకోవచ్చు కూడా. పెన్‌డ్రైవ్‌లో వేసి నెట్ లేని బడికి పంపొచ్చు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలు ముందే నింపి ట్యాబ్‌లు ఇచ్చింది. ఆ పథకం మంచిచెడ్డల మీద ఎన్ని వాదనలున్నా, పాఠం నెట్ మీద ఆధారపడకుండా పిల్లల చేతిలో ఉండాలన్న ఆలోచన వరకు సరైనదే.

పిల్లల వివరాలు ఎక్కడికి వెళ్తాయి?

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. క్విజ్ బాక్సు మా అమ్మాయి పుట్టిన తేదీ ఎందుకడిగింది?

2018 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక ఘటన జరిగింది. 'బ్రౌజ్‌అలౌడ్' అనే విడ్జెట్ పేజీలోని అక్షరాలను పైకి చదివి వినిపించేది. చదవడం కష్టమైనవాళ్ల కోసం ప్రభుత్వ సైట్లు చాలావాటిలో పెట్టుకున్నారు. మంచి ఉద్దేశమే. హ్యాకర్లు ఆ విడ్జెట్ స్క్రిప్ట్‌లోకి చొరబడి నాలుగు లైన్లు మార్చారు. అంతే, దాన్ని పెట్టుకున్న 4 వేలకు పైగా సైట్లు, చూసేవాళ్ల కంప్యూటర్లతో రహస్యంగా క్రిప్టోకరెన్సీ తవ్వించడం మొదలుపెట్టాయి. వాటిలో పౌరుల డేటాను కాపాడాల్సిన బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం సైటు కూడా ఉంది! ఆ సైట్లలో ఒక్కదాన్నీ ఎవరూ నేరుగా హ్యాక్ చేయలేదు. తాళం ఇచ్చిన చేయి ఒకటే, చెడింది అన్ని ఇళ్లూ. 2024 జూన్‌లో 'పాలీఫిల్' అనే స్క్రిప్ట్ విషయంలోనూ ఇదే జరిగింది. ఆ డొమైన్ చేతులు మారాక, లక్షకు పైగా సైట్లు ప్రమాదంలో పడ్డాయి.

హ్యాకింగ్ ఎప్పుడో ఒకసారి జరిగేది. డేటా సేకరణ రోజూ జరిగేది. కోవిడ్ కాలంలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫార్సు చేసిన 160కి పైగా విద్యా యాప్‌లు, సైట్లను హ్యూమన్ రైట్స్ వాచ్ పరిశీలించి 2022 మేలో నివేదిక ఇచ్చింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా డేటాను వాడుతున్నట్టు కనిపించాయని చెప్పింది. మన 'దీక్ష' యాప్ పిల్లల లొకేషన్‌ను సేకరించగలదని కూడా అందులో ఉంది. తర్వాత 2023 జనవరిలో, దీక్ష డేటా రక్షణ లేని ఒక క్లౌడ్ సర్వర్‌లో బయటపడి ఉందని 'వైర్డ్' పత్రిక రాసింది. 10 లక్షల మందికి పైగా టీచర్లు, దాదాపు 6 లక్షల మంది విద్యార్థుల వివరాలు అందులో ఉన్నాయని ఆ కథనం సారాంశం.

దీక్ష పనికిరాదని దీనర్థం కాదు. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం తెరుచుకునే ఏర్పాటు తెలుగు రాష్ట్రాల పిల్లలకు కూడా ఎంతో ఉపయోగపడింది. ప్రభుత్వ వేదికలోనే ఇలా జరిగితే, ఎవరు నడుపుతున్నారో తెలియని ఉచిత క్విజ్ సైటు సంగతి ఏంటన్నదే ప్రశ్న.

ఎడ్మోడో మూతపడ్డాక కూడా దాని కథ ముగియలేదు. పిల్లల డేటాను ప్రకటనలకు వాడిందని, తల్లిదండ్రుల అనుమతి తీసుకునే బాధ్యతను బడుల మీదికి నెట్టేసిందని 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 60 లక్షల డాలర్ల జరిమానా ఖరారైంది. కట్టే స్థితిలో లేదని దాన్ని నిలిపేశారు. సంస్థ పోయింది, జరిమానా రాలేదు, పిల్లల వివరాలు మాత్రం అప్పటికే వాళ్ల చేతికి వెళ్లాయి.

మన చట్టం ఏం చెప్తోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. సంస్థలు పాటించాల్సిన ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు కాబట్టి అవి 2027 మే నాటికి అమల్లోకి రావాలి.

ఈ చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల డేటా తీసుకోవాలంటే, నిర్ధారించుకోదగ్గ పద్ధతిలో తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. పిల్లల కదలికలను వెంటాడటం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపించడం నిషేధం. పిల్లల విషయంలో బాధ్యతలు తప్పితే రూ.200 కోట్ల వరకు జరిమానా వేయొచ్చు.

విద్యాసంస్థలకు ఇందులో కొంత మినహాయింపు ఉంది. చదువుకు సంబంధించిన పనుల కోసం, పిల్లల భద్రత కోసం వాళ్లను గమనించవచ్చు. కానీ ఆ వెసులుబాటు బడికి, ఆ పనుల మేరకే. బడి పేజీలో బాక్సు పెట్టుకున్న క్విజ్ కంపెనీ, "మేం బడి తరఫున ఉన్నాం" అంటూ పిల్లల ఫోన్ నంబర్లు ప్రకటనలకు వాడుకుంటానంటే ఈ మినహాయింపు దాన్ని కాపాడదు. అలాంటి కంపెనీని ఎంచుకున్నందుకు బడి కూడా జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. చాలా యాజమాన్యాలకు ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు. గ్రూపులో లింకు పెట్టి, కింద చేతులు జోడించిన ఎమోజీ పెడితే అనుమతి తీసుకున్నట్టు కాదు.

చూపు లేని పిల్లల మాట

ఇంకో ప్రశ్నను మనం అడగడమే మరిచిపోతాం. చూపు సరిగా లేని పిల్లలు ఈ బాక్సులను ఎలా వాడాలి? స్క్రీన్ రీడర్ చదవలేని 'లాగి వదిలే' ఆట వాళ్లకు గోడతో సమానం. ఫెట్ తన సిమ్యులేషన్లు కొన్నిటిలో కీబోర్డుతో కదిపే వీలు, జరుగుతున్నదాన్ని మాటల్లో వర్ణించే సౌకర్యం చేర్చింది. అన్నిటికీ లేవు. క్లాసులో అలాంటి పిల్లలు ఒక్కరున్నా, అదే పనిని ఇంకో దారిలో చేసే వీలు పేజీలో ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కోరుతున్నదీ అదే.

తల్లిదండ్రులు ఏం అడగొచ్చు?

సాంకేతిక పరిజ్ఞానం అక్కర్లేదు. లింకు వచ్చినప్పుడు ఫోన్‌లో తెరిచి ఒక నిమిషం చూడండి. పాఠం మొదలవ్వకముందే పేరు, ఫోన్ నంబరు అడిగే బాక్సు ఉందా? ప్రకటన కనిపిస్తోందా? లొకేషన్, మైక్ అనుమతి అడుగుతోందా? లెక్కల క్విజ్‌కు మైక్ దేనికి? అనుమానం వస్తే వద్దని నొక్కి, గ్రూపులో కాకుండా నేరుగా టీచర్‌ను అడగండి. గ్రూపులో అడిగితే అది గొడవ అవుతుంది, టీచర్ నొచ్చుకుంటారు. ఆ పేజీని ఆ టీచర్ బహుశా ఆదివారం పూట, సొంత ల్యాప్‌టాప్‌లో, అదనంగా రూపాయి రాకుండా తయారు చేసి ఉంటారు.

టీచర్లకైతే నా సలహా ఇంకా చిన్నది. పేజీలో ఉన్న ప్రతి బాక్సు దగ్గరా ఆగి, "ఇక్కడ పిల్లాడు ఏం చేస్తాడు?" అని అడగండి. 'చూస్తాడు' అనే జవాబు వస్తే దాన్ని తీసేసినా నష్టం లేదు. 'మారుస్తాడు, ఊహిస్తాడు, తప్పు చేసి సరిదిద్దుకుంటాడు' అంటే ఉంచండి. క్విజ్‌లో పేరు బదులు రోల్ నంబరు చాలు, దానికీ అవసరం ఉంటేనే. జవాబుల ఫైలు బడి ఖాతాలో ఉండాలి, టీచర్ సొంత మెయిల్‌లో కాదు. బదిలీ అయి వెళ్లిపోతే పేజీ అనాథ కాకూడదు కదా. టర్మ్‌కు ఒకసారి అన్ని బాక్సులూ నొక్కి చూడాలి.

మా అమ్మాయి సైన్స్ టీచర్‌కు ఫోన్ చేసి క్విజ్ సంగతి అడిగాను. ఆ వివరాలు క్విజ్ సైటే అడుగుతోందని ఆవిడకు తెలియదు. వాళ్లు టీచర్‌గా లాగిన్ అయి చూసినప్పుడు ఆ ఫారం కనిపించలేదట. రెండు రోజుల తర్వాత పేజీ తెరిస్తే క్విజ్ మారింది. ఐదు ప్రశ్నలు, రోల్ నంబరు మాత్రమే, తప్పు జవాబు కింద ఎందుకు తప్పో ఒక లైను. బూడిద డబ్బా పోయింది. కౌంట్‌డౌన్ గడియారం అలాగే ఉంది. ప్రిన్సిపాల్‌కు అది ఇష్టమట. వలయం బాక్సు పైన మాత్రం కొత్తగా ఒక ప్రశ్న చేరింది: "బల్బు లేకుండా బ్యాటరీ రెండు కొసలు కలిపితే ఏమవుతుంది? ముందు ఊహించి రాయండి. ఇంట్లో నిజం బ్యాటరీతో చేయకండి."